గ్లాసులోకి నీళ్ళెందుకు ఎక్కాయి?

పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, మీద గాజుగ్లాసు బోర్లించని సైన్సు టీచరు అరుదు. కాసేపటికి మంట ఆరిపోతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. ‘గాలిలో అయిదో వంతు ఆక్సిజన్. మంట దాన్ని వాడేసుకుంది. అందుకే అయిదో వంతు గ్లాసు నీళ్ళతో నిండింది’ అని చెప్పి, బోర్డు మీద బొమ్మ గీసి, గంట కొట్టేలోగా పాఠం ముగిస్తాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే ముగించాను. నాలుగో తరగతి పిల్ల ఒకతె లేచి ‘రెండు కొవ్వొత్తులు పెడితే ఏమవుతుంది సార్?’ అని అడిగేదాకా.

పెట్టి చూశాం. నీళ్ళు ఎక్కువ ఎక్కాయి. మూడు పెడితే ఇంకా ఎక్కువ. గ్లాసు అదే, లోపలి గాలీ అంతే. కొవ్వొత్తులు పెరిగితే గాలిలో ఆక్సిజన్ పెరగదు కదా! అసలు సంగతి ఏమిటంటే, గ్లాసు బోర్లించేటప్పటికే మంట చుట్టూ గాలి వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది. అందులో కొంత అంచు కిందినుంచి బుడగలుగా బయటికి పోతుంది కూడా. మంట ఆరగానే మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంటుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్ళను లోపలికి నెడుతుంది. ఎక్కువ కొవ్వొత్తులంటే ఎక్కువ వేడి, ఎక్కువ నీళ్ళు. మంట వాడుకున్న ఆక్సిజన్ మాయమైపోదు, చాలామటుకు కార్బన్ డయాక్సైడ్‌గా గ్లాసులోనే ఉంటుంది. నీళ్ళు గబగబా ఎక్కేది మంట ఆరిన తర్వాతేనని చూసిన ప్రతివాళ్ళకీ కనబడుతూనే ఉంది. కనబడినదాన్ని వదిలేసి పుస్తకంలో ఉన్నదాన్ని చెప్పాం.

కొత్తగా ఉద్యోగంలో చేరిన సెకండరీ గ్రేడ్ టీచర్లు (ఎస్‌జీటీలు) స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలు తమ చేతులతో చేసి చూడదగ్గ ప్రయోగాలు ఎక్కడ దొరుకుతాయి? నిజానికి వీటికి కరువు ఎప్పుడూ లేదు. పుస్తకాల్లో వందలు, ఫోనులో వేలు ఉన్నాయి. కరువు జల్లెడకే. ఉన్న వనరులను ఒక్కొక్కటిగా చూస్తే ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ దెబ్బతీస్తుందో తెలుస్తుంది.

చవక ప్రయోగాల పుస్తకాలన్నిటికీ పెద్దమ్మ లాంటిది యునెస్కో 1956లో తెచ్చిన సైన్సు బోధన ఆకరగ్రంథం. దాని పుట్టుక యుద్ధంలో ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బళ్ళూ ల్యాబులూ నేలమట్టమైన దేశాల టీచర్ల కోసం, చేతికందిన సామానుతో సైన్సు ఎలా చెప్పవచ్చో వివరిస్తూ ముందు ఒక చిన్న పుస్తకం వేశారు. అదే పెరిగి పెద్దదై ఆకరగ్రంథమైంది. తరవాత ఏడువందల ప్రయోగాల పుస్తకంగా లోకమంతా తిరిగింది. కూలిన గోడల మధ్య పుట్టిన పుస్తకం ల్యాబు అన్న గదే లేని మన ప్రాథమిక పాఠశాలకు అతికినట్టు సరిపోయింది. అయితే అది టీచరుకు రాసిన పుస్తకం. ‘ఇలా చెయ్యి, ఇలా జరుగుతుంది’ అన్నదే దాని ధోరణి. జరగబోయేది ముందే తెలిస్తే పిల్లవాడికి చూడాల్సింది ఏముంటుంది?

ఈ చిక్కును మన దేశంలో అందరికంటే గట్టిగా పట్టుకున్నది హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఉద్యోగం వదులుకుని వచ్చిన అనిల్ సద్గోపాల్ పెట్టిన కిశోర్ భారతి సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ దానికి రెండు కాళ్ళు. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచీ టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచీ శాస్త్రవేత్తలు సెలవులు పెట్టుకుని వచ్చి పల్లెటూరి టీచర్లతో కలిసి కూర్చుని పాఠాలు తయారుచేశారు. 1978లో జిల్లా మొత్తానికి పాకింది. 1982లో భోపాల్‌లో ఏకలవ్య సంస్థ పుట్టి ఆ పనిని అందుకుంది.

వాళ్ళ ‘బాల్ వైజ్ఞానిక్’ పుస్తకాల్లో జవాబులుండవు. ‘చెయ్యి, ఏం కనబడిందో రాయి, పక్కవాడిది చూడు, తేడా వస్తే ఎందుకొచ్చిందో మాట్లాడుకోండి’ అన్న తీరులో నడుస్తాయి. పరీక్షలో పుస్తకం తెరుచుకుని రాయనిచ్చేవాళ్ళు. ఎందుకంటే అందులో కాపీ కొట్టడానికి ఏమీ లేదు. ప్రాక్టికల్ పరీక్షా ఉండేది. పిల్లలు తమ సందేహాలను సవాలీరామ్ అనే కల్పిత పెద్దమనిషికి ఉత్తరాలుగా రాసేవాళ్ళు, జవాబులు వచ్చేవి. టీచర్లు నెలనెలా కలుసుకుని ‘నా క్లాసులో ఇది పనిచెయ్యలేదు’ అని బాహాటంగా చెప్పుకునేవాళ్ళు. నా లెక్కలో ఆ కార్యక్రమం అసలు బలం ఈ నెలవారీ సమావేశమే. కిట్టు కాదు, పుస్తకమూ కాదు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్ఫై ఏళ్ళ పని ఒక్క ఉత్తర్వుతో ఆగిపోయింది. అది ఆరు నుంచి ఎనిమిది తరగతులది, ప్రాథమిక తరగతులది కాదు. చిన్న తరగతుల కోసం ఏకలవ్య వేరే కార్యక్రమం నడిపింది. కానీ జవాబు ముందే చెప్పకూడదన్న నియమం మూడో తరగతికీ అంతే వర్తిస్తుంది. ఆ మాటకొస్తే మూడో తరగతికే ఎక్కువ.

1978లో పుణె టెల్కోలో పనిచేస్తున్న ఒక ఇంజనీరు సెలవు పెట్టి హోషంగాబాద్ కార్యక్రమం చూడటానికి వెళ్ళాడు. అక్కడి వారపు సంతలో సైకిల్ వాల్వ్ ట్యూబు కనబడింది. ఆ సన్నని రబ్బరు గొట్టం ముక్కకు రెండు వైపులా అగ్గిపుల్లలు గుచ్చితే కీలు తయారవుతుంది. కీళ్ళు కలిపితే త్రిభుజం, చతురస్రం, ఇల్లు. చతురస్రం ఊగుతుంది, త్రిభుజం కదలదు. వంతెనలకూ కరెంటు టవర్లకూ త్రిభుజాలు ఎందుకో పిల్లల వేళ్ళకే తెలిసిపోతుంది. ఆ ఇంజనీరే అరవింద్ గుప్తా. ఆయన అగ్గిపుల్లల పుస్తకం దేశంలోని పలు భాషల్లోకి వెళ్ళింది. పుణెలో ఐయూకా ఖగోళశాస్త్ర కేంద్రం ఆవరణలోని పిల్లల సైన్సు కేంద్రంలో చాలా ఏళ్ళు పనిచేశారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. చెత్తనుంచి ఆటబొమ్మలు చేసే ఆయన చిన్నచిన్న వీడియోలు తెలుగు వ్యాఖ్యానంతో కూడా దొరుకుతాయి. ప్రాథమిక టీచరు ఒక్కచోటికే వెళ్ళగలిగితే నేను ముందు పంపేది అక్కడికే.

ఒక్క హెచ్చరిక చేసి మరీ పంపుతాను. ప్రయోగాలకు కూడా వయసు మీరుతుంది. వాల్వ్ ట్యూబు వాడే సైకిళ్ళు ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? కెమెరా రీలు వచ్చే ప్లాస్టిక్ డబ్బాను ఈ తరం పిల్లలు చూసి ఉండరు. వాటిమీద ఆధారపడిన ప్రయోగాలు పుస్తకాల్లో ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. వీటిలో నాకు బాగా బాధ కలిగించేది టార్చిలైటు బల్బు. పిల్లవాడి చేతికి ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఒకే ఒక్క తీగ ఇచ్చి వెలిగించమనడం ప్రాథమిక తరగతుల ప్రయోగాల్లోకెల్లా మకుటం. 1960ల్లో అమెరికాలో ప్రాథమిక సైన్సు కోసం జరిగిన పెద్ద ప్రయత్నంలో దీనికొక పాఠమే కేటాయించారు. బల్బు అడుగున ఉన్న బొడిపె ఒక కొస అనీ, పక్కనున్న లోహపు తొడుగు రెండో కొస అనీ పిల్లలు తంటాలు పడి కనిపెడతారు. కొందరికి పది నిమిషాలు, కొందరికి పీరియడంతా పడుతుంది. 1997 నాటి ఒక డాక్యుమెంటరీలో పట్టాలందుకుంటున్న ఎంఐటీ విద్యార్థుల చేతికి ఇవే ఇచ్చారు. వాళ్ళలో చాలామంది వెలిగించలేకపోయారు. ఇప్పుడు ఆ బల్బు కోసం బజారంతా తిరగాలి. షాపువాడు చేతిలో ఎల్‌ఈడీ పెడతాడు. తెల్ల ఎల్‌ఈడీ ఒకటిన్నర వోల్టుల బ్యాటరీకి వెలగదు, దాదాపు రెట్టింపు కావాలి. పైగా కాళ్ళు తిరగేసి పెడితే అసలే వెలగదు. పుస్తకంలో ఉన్నట్టే చేసి, వెలగక, తెల్లమొహం వేసిన టీచరమ్మలను చూశాను. తప్పు వాళ్ళది కాదు. పుస్తకం పాతబడింది, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

చెత్తతో కాకుండా పెట్టెతో వచ్చే ప్రయోగాలది మరో కథ. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే ప్రభుత్వ పథకం కింద ప్రాథమిక పాఠశాలలకు సైన్సు కిట్లు పంపారు. భూతద్దం, అయస్కాంతం, గాజుసామాను. పెట్టె వచ్చిందంటే స్టాకు రిజిస్టరూ వస్తుంది. రిజిస్టరులో ఎక్కిన వస్తువు పగిలితే ఎవరు జవాబు చెప్పాలి? అందుకే పెట్టెకు బీరువా, బీరువాకు తాళం, తాళంచెవి హెడ్మాస్టరు సొరుగులో. పగిలినా ఫరవాలేదనిపించే వస్తువే పిల్లల చేతిదాకా వస్తుంది. సూది తీసేసిన రెండు సిరంజిలను సెలైన్ ట్యూబుతో కలిపి ఒకటి నొక్కితే రెండోది లేస్తుంది. పొక్లెయిన్ చెయ్యి ఎలా లేస్తుందో ఊళ్ళో ఎప్పుడో చూసిన పిల్లలు వెంటనే కేక పెడతారు. మెడికల్ షాపులో దొరికే ఈ సామానును ఎవరూ రిజిస్టరులో ఎక్కించరు.

మూడో దారి, ల్యాబే బడికి రావడం. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ కుప్పం దగ్గరి తన ఆవరణతో పాటు వ్యానుల్లో ప్రయోగ సామగ్రి వేసుకుని పల్లె బళ్ళకు తిరుగుతుంది. వ్యాను వచ్చిన రోజు బడికి జాతర కళ వస్తుంది, కాదనలేం. జాతర మర్నాడు ఏమవుతుందన్నది నా ప్రశ్న. వ్యాను వెళ్ళాక అందులో చూసినవాటిలో కనీసం రెండింటిని తమ సామానుతో తిరిగి చెయ్యగలిగే టీచరు ఉన్న బడికి అది వరం. లేనిచోట మ్యాజిక్ షో చూసినట్టే.

మ్యాజిక్ షో అంటే గుర్తొచ్చింది, ఫోనులో ‘పిల్లల సైన్సు ప్రయోగం’ అని వెతికితే ముందు వచ్చేది పొంగే అగ్నిపర్వతం. వంటసోడా మీద వెనిగర్ పోస్తే ఎర్రని నురగ పొంగుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. నిజమైన అగ్నిపర్వతానికీ దానికీ రూపంలో తప్ప సంబంధం లేదు. దాన్ని పారేయమనను. మట్టిగుట్ట తీసేసి గ్లాసులో చేయండి. వెనిగర్ బదులు నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ, ఉప్పునీళ్ళు వరసగా పోసి ఏవి పొంగుతాయో, ఏవి పొంగవో ముందే ఊహించి రాయమనండి. అప్పుడు అదే సామాను ప్రయోగం అవుతుంది. వీడియోలకున్న మరో జబ్బు, అన్నీ మొదటిసారికే సరిగ్గా వస్తాయి. విఫలమైన భాగాన్ని కత్తిరించేసి పెడతారు. మా తరగతిలో పెసలు మొలకెత్తించినప్పుడు వెలుతురులో పెట్టిన గ్లాసులోని గింజలను రాత్రికి రాత్రి చీమలు ఎత్తుకుపోయాయి. చీకట్లో పెట్టినవి పొడుగ్గా, పాలిపోయి పసుపుపచ్చగా మొలిచాయి. వెలుతురు గురించి తేలాల్సింది తేలలేదు గాని, చీమలు ఏ గింజలు తీసుకుపోతాయన్నది తరువాతి వారంరోజుల ప్రయోగమైంది.

మొలకల విషయంలో తండా బళ్ళ టీచర్లు అదృష్టవంతులు. శ్రావణంలో లంబాడీ ఆడపిల్లలు తీజ్ పండగకు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్ళు పోసి పెంచుతారు. మొలక ఎప్పుడు పైకొస్తుందో, ఏ బుట్టది ఎందుకు ఏపుగా ఉందో ఆ పిల్లలకు టీచరు కంటే బాగా తెలుసు. స్కేలుతో రోజూ కొలిచి నోటుబుక్కులో రాసుకోమంటే చాలు. పెళ్ళిళ్ళలో నవధాన్యాలు మొలకెత్తించే ఇళ్ళలోనూ ఇది కుదురుతుంది.

అలాగే ఎర్రనీళ్ళు. దిష్టి తీసేటప్పుడు పసుపు నీళ్ళలో కాస్త సున్నం కలిపితే ఎర్రబడటం పిల్లలందరూ చూసినదే. ఆ నీళ్ళలో నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపురంగుకు వస్తాయని మాత్రం ఎవరూ చూసి ఉండరు, ఎందుకంటే ఇంట్లో ఎవరూ పిండరు. సాంబారు మరకకు సబ్బు పెడితే ఎర్రబడి, నీళ్ళలో జాడిస్తే మళ్ళీ పచ్చబడటం ఇదే కథ. ఆమ్లాలూ క్షారాలూ అన్న మాటలు అయిదో తరగతిలో అక్కర్లేదు. ‘పసుపును ఎర్రబరిచేవి’, ‘ఎరుపును వెనక్కి తెచ్చేవి’ అని పిల్లలే రెండు జాబితాలు వేస్తారు. మందార రేకులు నానబెట్టిన నీళ్ళు, శంఖుపుష్పం నీళ్ళు దొరికితే అదే ఆట ఇంకో రంగులో ఆడవచ్చు. సున్నం కంట్లో పడితే మాత్రం ఆట కాదు. వేలితో ముట్టుకోకుండా పుల్లతో టీచరే కలపాలి. పొడిసున్నం బడిలోకి రానే కూడదు.

ఇక్కడ ఒక గుంట ఉంది, చాలామంది అందులో పడతారు. ఇంటి ఆచారంలోంచి ప్రయోగం తీయగానే ‘చూశారా, మన పెద్దలకు అన్నీ ముందే తెలుసు’ అనేస్తే పిల్లవాడి ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. ఎర్రనీళ్ళు ఎర్రబడటం ఎలాగో తెలియడం వేరు, ఎందుకో తెలియడం వేరు. పుస్తకానికి మొక్కినా, సంప్రదాయానికి మొక్కినా పిల్లవాడి కళ్ళు మూసుకునే ఉంటాయి.

పుస్తకానికి మొక్కడానికి నాలుక బొమ్మ మంచి ఉదాహరణ. నాలుక కొసన తీపి, పక్కల పులుపు, వెనక చేదు అని ఎన్నో తరాల పుస్తకాల్లో అచ్చయిన పటం అది. 1901 నాటి ఒక జర్మన్ పరిశోధనను తరవాతివాళ్ళు తప్పుగా చదవడంతో పుట్టింది. రుచులన్నీ నాలుకంతా తెలుస్తాయి, అక్కడక్కడా కొద్ది తేడాలు తప్ప. ఉగాది మర్నాడు బెల్లం, ఉప్పు, చింతపండు రసం, వేపపువ్వు తెచ్చి, దూదిపుల్లతో కొసకు రాసి చూడమంటే చేదు కొసనే తగిలి మొహాలు ముడుచుకుంటాయి. పటాన్ని పిల్లలు తమ నాలుకతో కొట్టేస్తారు. ఎవరి పుల్ల వారిదే అన్న నియమం మాత్రం తప్పదు.

చేతులతో చేయిస్తే నేర్చుకుంటారన్న నమ్మకాన్ని కూడా కొంచెం గీకి చూడాలి. ఇంగ్లండులో ఇయాన్ అబ్రహామ్స్, రాబిన్ మిల్లర్ 25 ప్రాక్టికల్ క్లాసుల్లో కూర్చుని గమనించి 2008లో ప్రకటించిన అధ్యయనం ఉంది. టీచరు చెప్పిన పనులు పిల్లలు చక్కగానే చేస్తున్నారు. ఆ పని వెనక ఉన్న ఆలోచన దగ్గరికి మాత్రం వెళ్ళడం లేదు. చేతులు పనిచేస్తున్నాయి, బుర్ర చెయ్యడం లేదు. అది హైస్కూళ్ళ సంగతి, కానీ చిన్న తరగతుల్లో ఇంకా బాగుంటుందని అనుకోవడానికి నాకు కారణం కనబడదు. ఏ దారీ చూపకుండా పిల్లలను వాళ్ళ మానాన వదిలేస్తే నేర్చుకోరని వాదించే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలూ ఉన్నారు. వాళ్ళతో పూర్తిగా ఏకీభవించను గాని, వాళ్ళ మాటలో పస ఉంది.

ఫ్రాన్సులో దీనికొక విరుగుడు కనిపెట్టారు. 1992లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జార్జ్ షార్పాక్ 1996లో ప్రాథమిక పాఠశాలల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. దాని ఫ్రెంచి పేరు పిండి పిసకడానికి చెయ్యి పెట్టమన్నట్టుగా ఉంటుంది. అందులో ప్రతి పిల్లవాడికీ ఒక ప్రయోగాల నోటుబుక్కు ఉంటుంది. చెయ్యబోయే ముందు ఏమవుతుందనుకుంటున్నాడో రాయాలి, చేశాక ఏమైందో రాయాలి. తప్పు ఊహను కొట్టెయ్యకూడదు. ముంబయిలోని హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం చిన్న తరగతులకు రూపొందించిన పుస్తకాల్లోనూ ఇలాంటి వర్కుబుక్కు ఉంది. రెండు వరసలు రాయడానికి మన పిల్లలకు మొదట్లో చెయ్యి రాదు. బొమ్మ గీస్తారు, అదీ చాలు.

నోటుబుక్కుకు టైమెక్కడిదని అడిగే ఏకోపాధ్యాయ పాఠశాల టీచరుకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయిదు తరగతులు, ఒక మనిషి, మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్కలు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ గ్రామీణ బళ్ళు కలగలిపి కూర్చున్న తరగతులకు కార్డుల పద్ధతి తయారుచేసి చాలా రాష్ట్రాలకు అందించాయి. ఎవరి కార్డు వాళ్ళు తీసుకుని ముందుకు వెళ్తారు. ప్రయోగాన్ని కార్డు మీదికి ఎక్కించగలిగితే కొంత వెసులుబాటు ఉంటుంది. లేదంటే వారానికి ఒక్కటే, అదీ అన్ని తరగతులకూ ఒకటే పెట్టుకోవడం మంచిది. ఒకటో తరగతి పిల్ల చూస్తుంది, అయిదో తరగతి పిల్లవాడు కొలుస్తాడు.

అలాంటిది ఒకటి చెప్పమంటే, సామాను అసలే అక్కర్లేనిది, నీడ. తెలుగు నేల అంతా కర్కటరేఖకు దక్షిణానే ఉంది కాబట్టి ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా పాతిన కర్ర నీడ మాయమవుతుంది. హైదరాబాదులో మొదటిది మే 9 ప్రాంతంలో, అప్పుడు వేసవి సెలవులు. రెండోది ఆగస్టు 3 ప్రాంతంలో. ఆదిలాబాదులో జులై చివరి వారంలోనే వచ్చేస్తుంది, కుప్పంలో ఆగస్టు మూడో వారందాకా ఆగాలి. అప్పుడు బళ్ళు నడుస్తుంటాయి, కానీ మబ్బులు. నిరుడు మా పిల్లలు కర్ర పాతుకుని పన్నెండు నుంచి కాచుకుని కూర్చుంటే సరిగ్గా ఆ వేళకు మబ్బు కమ్మింది. అందరూ నీరసపడ్డారు. మర్నాడు ఎండ కాసింది, మళ్ళీ కూర్చున్నారు. అడుగు పొడవున్న కర్రకు ఒక్కరోజు తేడాతో పడే నీడ మిల్లీమీటరున్నర కూడా ఉండదు. ఆ సన్నని నీడను స్కేలుతో కొలవబోయి, అంచు మసకగా ఉందని, ఎక్కడినుంచి ఎక్కడిదాకా కొలవాలని ఇద్దరు పోట్లాడుకున్నారు. సూర్యుడు చుక్క కాదనీ, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున ఉంటాడనీ, అందుకే నీడ అంచు మసకబారుతుందనీ నాకు తెలుసు. చెప్పకుండా ఊరుకున్నాను. పోట్లాట మూడో రోజుకూ సాగింది.